గోలీ కదలని మంచె

శ్రావణ శుద్ధ విదియ

ఈ రోజు సాంబారు గిన్నె ఒక పక్కనే పొంగింది.

వంటశాలలో పెద్ద పొయ్యి కింద అమ్మ పోయిన నెలలోనే ఒక చెక్కముక్క పెట్టింది. ఈ రోజు ఇంకోటి దూర్చింది. "పొయ్యి సరిగ్గానే ఉందే నాంచారీ. మంచే పక్కచూపు చూస్తోంది" అంది. మా తొమ్మిదో మంచెకి ఆరు కాళ్ళు. అన్నీ సముద్రం అడుగున బురదలో దిగి ఉన్నాయి. ఆగ్నేయం మూల కాలు కుంగుతోంది. ఈ సంగతి మంచె మీద తెలియనివాళ్ళు లేరు. మంచె బయట తెలిసినవాళ్ళు లేరు.

ఒరగడం వేరు, వాలడం వేరు, కుంగడం వేరు. ఒరిగింది తనంతట తనే నిలబడొచ్చు. వాలింది దేన్నో ఒకదాన్ని ఆనుకుని ఆగుతుంది. కుంగింది మాత్రం ఎవరో వచ్చి ఎత్తాలి. ఈ మూడింటికీ మధ్య ఇంత దూరం ఉందని ఈ మధ్యే తెలిసింది. తెలిసినప్పట్నుంచీ ఏ మాట విన్నా దాన్ని తిప్పి చూడాలనిపిస్తోంది.

మంచె పెద్ద గంగాధరం బాబాయ్ ఒడ్డున ఉన్న రేవు ఆఫీసుకి మళ్ళీ జాబు పంపాడు. కాలు కుంగుతోంది, మరమ్మతు పడవ పంపండి అని. జవాబు ఎప్పటిదే. "రాసినవారికి పూచీ చాలదు. జాబు తెరవలేదు."

"తెరవకుండానే ఎట్లా తెలుస్తుందిరా నీకు చాలదని!" అని బాబాయ్ జవాబు దిగిన తెర వైపు చూసి అరిచాడు.

వాళ్ళని అనడానికీ లేదు. అమ్మ చిన్నప్పుడు యంత్రాలు అచ్చం మనుషుల్లాగే జాబులు రాసేవట. "మునిగిపోతున్నాం, రండి" అని ఏదో మంచె పేరుతో జాబు వస్తే పడవలు పరుగెత్తేవి. అక్కడ మంచె ఉండేది కాదు, దొంగలుండేవాళ్ళు. అప్పట్నుంచి ఎవరి మాటా సొంత నోటితో చెల్లదు. పరాయి మంచె వాళ్ళు నడిపే వార్తల జాబులో మన వ్యాసం వేసుకుని, కింద తమ పేరు పెడితే అది ఒక పూచీ. అట్లా ఏడు మంచెలు పూచీ పడ్డ మనిషి రాస్తేనే రేవు జాబు తెరుస్తుంది. మా మంచెలో అట్లాంటి మనిషి మార్తమ్మ టీచరు ఒక్కరే. ఆవిడ పోయిన ఎండాకాలంలో చనిపోయారు. పూచీ మనిషితోనే పోతుంది.

సాయంత్రం బాబాయ్ వంటశాలకొచ్చి, గరిటె పట్టుకున్న నన్ను తేరిపార చూశాడు.

"టీచరమ్మ దగ్గర వ్యాసానికి బహుమతి ఎప్పుడూ ఎవరికొచ్చేదే?"

"దీనికే" అంది అమ్మ. "అన్నం మాత్రం మాడుస్తుంది."

"మాడ్చనీ. కార్తీకం తుఫాన్లు రాకముందే మనకి ఏడు పూచీలు కావాలి. తెస్తావా అమ్మా?"

తెస్తానన్నాను. అప్పుడు నాకు కాలు గుర్తులేదు. పరాయి మంచె మీద ఎవరో అన్నం తింటూ నా పేరు చదువుతారనే సంతోషంలో ఉన్నాను.

శ్రావణ బహుళ చవితి

లైను రోజుకి ఒక గంటే ఉంటుంది, సౌరపలకలకి మబ్బు అడ్డం రాకపోతే. ఆ గంటలో అందరి జాబులూ దిగుతాయి, మనవి ఎక్కుతాయి. నేను రాసిన మొదటి వ్యాసం అన్ని మంచెలకీ పంపాను. పేరు "కాలు కింద నేల". సముద్రం మీద బతికేవాళ్ళ భయం గురించి నా ప్రాణం పెట్టి రాశాను. అందరూ తిప్పి పంపారు. మూడో మంచె నుంచి "ఉప్పుగాలి" నడిపే దానమ్మ గారు మాత్రం నాలుగు ముక్కలు రాశారు.

"ఏం పిల్లా, పెళ్ళికొచ్చి అప్పు అడిగినట్టుంది నీ వ్యాసం. అతిథి ఏడవకూడదని మీ టీచరమ్మ చెప్పలేదా? పరాయి పుటలో మన మంచె అవసరం చెప్పుకోకూడదు, మన దగ్గరికి రమ్మని పిలవకూడదు. దొంగలు అట్లాగే రాసేవాళ్ళు. అట్లాంటి మాట ఒక్కటి కనపడినా ఇక ఆ మనిషి జాబు ఎవరూ ముట్టుకోరు. నీ వాక్యం బాగుంది. దాన్ని ఏడిపించకు. ఘుమఘుమలాడేదేదైనా రాసి పంపు."

రెండు రోజులు అలిగాను. మూడో రోజు ఉప్పుగాలి పాత జాబులన్నీ దింపుకుని చదివాను. దానమ్మ గారికి తిండి ఇష్టం, జంతువులు ఇష్టం, ఎవరినీ నొప్పించని ఎగతాళి ఇష్టం. కానాగంత చేపలు ఎండబెట్టినప్పుడు మా అమ్మ పిల్లినే కాపలా పెట్టిన వైనం రాశాను. పిల్లి కాపలా కాసింది కూడా, తన వాటా పోను.

ఈ రోజు వేశారు. చివర చిన్న అక్షరాల్లో "ఈ రాతకు మూడో మంచె దానమ్మ పూచీ" అని ఉంది. ఆ వరస ఎన్నిసార్లు చదివానో. అమ్మ కూడా చదివి, "పిల్లి సంగతి రాశావు సరే, నేను దాన్ని తిట్టిన తిట్లు ఎందుకు రాయలేదే? అవే అసలు సిసలు" అంది.

భాద్రపద శుద్ధ షష్ఠి

నాలుగు పూచీలయ్యాయి.

ఒక్కో జాబుది ఒక్కో నాలుక. ఐదో మంచె "తెరచాప" వాళ్ళకి పొడుగు వాక్యం పడదు. పదకొండో మంచె వాళ్ళకి పేరాకో సామెత కావాలి, లేకపోతే ఉప్పు వెయ్యలేదంటారు. ముందు వాళ్ళ పాత జాబులు చదవడం, ఎవరికి ఏం రుచో పట్టుకోవడం, తరవాత వాళ్ళ ఇంటి గిన్నెలో మన వంట వడ్డించడం. ఇదే పని. వంటశాలలో గిన్నెలు తోముతూ కూడా వాక్యాలు అల్లుతున్నాను. ఇంత సంతోషంగా నేనెప్పుడూ లేను. రాయడానికే సిగ్గుగా ఉంది. ఎందుకంటే ఆగ్నేయం మూలన వాననీళ్ళ పీపాకి ఈ వారమే తాడు కట్టారు, జారిపోకుండా.

పన్నెండో మంచెలో "ఊయల" అని పిల్లల జాబు ఉంది. మీ మంచె గురించి పిల్లలు హాయిగా నిద్రపోయేట్టు ఒకటి రాయమన్నారు. అందులో ఈ వాక్యం రాశాను: "మా మంచె ఎంత నిలకడైనదంటే, నేల మీద గోలీ పెట్టి, నిద్రపోయి లేచి చూసినా గోలీ అక్కడే మేలుకుని ఉంటుంది."

రాశాక కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. మేలుకుని ఉండే గోలీ! నాకెట్లా తట్టిందో! మా మంచె మీద పిల్లలు గోలీలాట మానేసి చాలా రోజులైంది. ఏ గోలీ విడిచినా తిన్నగా ఆగ్నేయం మూలకే దొర్లుతుంది. ఎవరి గోలీ ముందు పోతుందో పందెం వేసుకుంటున్నారు.

అమ్మకి వినిపించి, "తప్పంటావా?" అని అడిగాను.

"పిల్లలకి చెప్పే కథేగా. జోలపాటలో చందమామ దిగొస్తాడు, ఎవరైనా కేసు పెట్టారా?" అంది.

పంపించాను.

భాద్రపద పున్నమి

పోటు ఈసారి కింది పలకల దాకా వచ్చింది. మధ్యాహ్నం అందరం అన్నాలు తింటుండగా ఆగ్నేయం కాలు కిందనుంచి ఒక చప్పుడు, ఎవరో పెద్ద దుంగని బురదలోంచి మెలితిప్పి లాగినట్టు. చేతిలో ముద్దలు చేతిలోనే ఉండిపోయాయి. తరవాత మూలింటి పోలయ్య మామ లేచి వెళ్ళి, ఇంట్లోంచి పరుపులు బయటికి మోయడం మొదలుపెట్టాడు. వాళ్ళ కుటుంబం ఇప్పుడు వంటశాల పక్క గదిలో ఉంటోంది. ఆయన కూతురికి నెలలు నిండుతున్నాయి.

ఆరో పూచీ ఈ రోజే వచ్చింది. బాబాయ్ నన్ను భుజం మీదికి ఎత్తుకోబోయి నడుం పట్టేసి ఆగాడు.

నా గోలీ వాక్యం మంచెలన్నీ తిరుగుతోంది. తెరచాపలో ఎవరో పెళ్ళికొడుకుని మెచ్చుకుంటూ "తొమ్మిదో మంచె గోలీ లాంటి కుర్రాడు" అని రాశారు. పదకొండో మంచె వాళ్ళు దాన్ని సామెతల్లో కలిపేశారు. నా వాక్యం నాకంటే ముందు ఊళ్ళు తిరిగొస్తోంది.

భాద్రపద బహుళ తదియ



ఇంకొక్క పూచీ వస్తే చాలని, ఆ తరవాత రేవు వాళ్ళు ఏం చేస్తారో కనుక్కుందామని దానమ్మ గారికి రాశాను. మామూలుగా అడిగినట్టే అడిగాను. ఆవిడ ఇలా రాశారు:

"ఏడు నిండాక నువ్వు ఏది రాసినా తెరుస్తారు. తెరిచి, అంతకుముందు నువ్వు రాసినవన్నీ పక్కన పరిచి చూస్తారు. ఎక్కడైనా అడ్డం తిరిగితే అది మనిషి మాట కాదని కొట్టేస్తారు, మళ్ళీ ఆ మంచె నుంచి ఎవరు రాసినా ఏడాదిపాటు తెరవరు. నీకేం భయం పిల్లా, నీ మంచె మీద గోలీ కూడా కదలదుగా!"

కింద ఒక నవ్వు మొహం బొమ్మ కూడా గీశారు.

పరుగెత్తుకెళ్ళి బాబాయ్‌కి చూపించాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"అయితే ఆ గోలీ ముక్క తప్పని రాసెయ్యి. ఏదో చిన్నపిల్లవి, తెలియక రాశావు."

"తప్పని రాస్తే ఊయల వాళ్ళ పూచీ పోతుంది బాబాయ్. ఒకటి అబద్ధమైతే మిగిలిన ఐదూ పోతాయి. నా రాత వేసిన వాళ్ళందరి జాబులూ ఏడాదిపాటు ఆపేస్తారు."

"ఆపితే ఆపనీ, మన కాలు..."

"అప్పుడు నాకు పూచీ ఉండదు. కాలు గురించి రాసినా తెరవరు."

ఆయన గోడకి ఆనుకున్నాడు. "అంటే గోలీ ఉంటే కాలు లేదు, గోలీ లేకపోతే నువ్వు లేవు" అన్నాడు చివరికి.

ఈ మంచె మీద అటు చివర్నుంచి ఇటు చివరికి నడిస్తే ఒక పాట కూడా పూర్తికాదు. ఈ రోజు అట్లా ఎన్ని పాటలు నడిచానో. ఎటు నడిచినా చివర సముద్రమే. నా అందమైన వాక్యం చుట్టూ గోడ కట్టింది. తలుపు పెట్టడం నేనే మరిచిపోయాను.

భాద్రపద అమావాస్య

అడక్కుండానే ఏడో జాబు వచ్చింది. నాలుగో మంచె నుంచి "నిక్కచ్చి" నడిపే సర్వేశ్వరం గారు రాశారు. ఆయన పూచీ ఒక్కటే రెండింటి విలువని అందరూ అంటారు. ఎందుకంటే కళ్ళారా చూడనిదే వెయ్యరు. మంచెల్లో సొంత పడవ ఉన్నది వాళ్ళకొక్కరికే.

"అమ్మాయ్, నీ గోలీ వాక్యం మా మనవరాలు రోజూ అప్పజెపుతోంది. ఆ వ్యాసం నా జాబులో తిరిగి వెయ్యాలనుకుంటున్నాను. నా అలవాటు నీకు తెలిసే ఉంటుంది. పంచమినాడు వచ్చి గోలీ చూస్తాను."

బాబాయ్ ఒకేసారి ఎగిరి గంతేసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "వస్తే చూస్తాడే. చూస్తే తెలుస్తుందే!"

"తెలియనీ బాబాయ్" అన్నాను.

"పిచ్చిదానా! ఉన్న ఆరూ పోతాయి. ముందు ఏడోది రానీ, తరవాతది తరవాత. ఎవడో ఒకడు రేవులో మంచివాడుంటాడు, కాళ్ళు పట్టుకుందాం."

"రేవుదాకా వెళ్ళడానికి పడవేది బాబాయ్?"

నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయనా ఈ మంచె మీదే ఉన్నాడు, వెళ్ళడానికి ఆయనకీ ఇంకో చోటు లేదు.

ఆశ్వయుజ శుద్ధ తదియ

సభాగది నేలని సమం చేస్తున్నారు. చెక్కలు చెక్కి పలకల కింద దూర్చడం, తాడు పట్టి చూడడం, మళ్ళీ దూర్చడం. మూడు మంచాలు విరగ్గొట్టారు. పోలయ్య మామ తన ఇంటి తలుపే ఊడదీసి తెచ్చాడు. "ఇల్లే వదిలేశాను, తలుపెందుకు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తరవాత ఏడుపొచ్చింది.

"సర్వేశ్వరం గారిని పడవ దిగే మెట్ల నుంచి నేరుగా సభాగదికి తీసుకురావాలి, అక్కడే భోజనం, అక్కడి నుంచి నేరుగా పడవ" అని బాబాయ్ అందరికీ పాఠం చెప్పాడు. "పక్కకి చూడనివ్వొద్దు. ఎండగా ఉందనండి, గాలిగా ఉందనండి, ఏదో ఒకటి."

"పెళ్ళిచూపుల్లో పిల్ల కుంటిదని దాచినట్టుంది" అంది అమ్మ.

ఇంత శ్రద్ధగా పని చెయ్యడం మా వాళ్ళలో నేనెప్పుడూ చూడలేదు. ఆ చెక్కలన్నీ నా వాక్యాన్ని నిజం చెయ్యడానికి దూరుస్తున్నారు. ఆ కాలు మాత్రం వాళ్ళు సమం చేస్తుండగానే ఇంకాస్త దిగింది. ఉదయం సరిపోయిన చెక్క సాయంత్రానికి వదులైంది.

ఆశ్వయుజ శుద్ధ పంచమి

ఏం జరిగిందో వరసగా రాస్తాను.

సర్వేశ్వరం గారు సన్నగా, పొడుగ్గా, చంకలో గొడుగుతో దిగారు. గోలీ తెస్తారనుకున్నాం. సంచీలోంచి రసమట్టం తీశారు. తాపీ మేస్త్రీలు గోడ సమంగా ఉందో లేదో చూసే కడ్డీ. అందులో గాజు గొట్టం, గొట్టంలో ఒక బుడగ. సమంగా ఉంటే బుడగ నడిమధ్యలో నిలబడుతుంది.

సభాగదిలో పెట్టారు. బుడగ నడిమధ్యలో నిలబడింది.

"అద్భుతం" అన్నారాయన. బాబాయ్ గట్టిగా ఊపిరి వదిలాడు. భోజనం వడ్డించారు. మా అమ్మ చేసిన చేపల పులుసు ఆయన మెచ్చుకున్నారు, నా వాక్యం మెచ్చుకున్నారు. "అతిశయోక్తి అనుకున్నానమ్మాయ్. ఈ కాలంలో ఉన్నది ఉన్నట్టు ఇంత అందంగా రాసేవాళ్ళు లేరు" అన్నారు. నేను ముద్ద కలుపుతూనే ఉన్నాను. ఇంకాసేపట్లో ఆయన పేరు నా రాత కింద పడుతుంది. ఏడు నిండుతాయి. అప్పుడు నేను కాలు గురించి రాస్తాను, రేవు వాళ్ళు ఈ మెప్పుతో సహా అన్నీ పక్కన పరిచి నన్ను కొట్టేస్తారు. ఆ తరవాత కార్తీకం.

ఆయన చెయ్యి కడుక్కుంటుంటే తుండుగుడ్డ అందిస్తూ అన్నాను, "అయ్యా, పులుసు వండిన చోటు చూస్తారా?"

"ఎండగా ఉంది" అన్నాడు బాబాయ్.

"నా దగ్గర గొడుగుంది" అన్నారు సర్వేశ్వరం గారు.

"గాలి కూడా ఉందండీ, గొడుగు తిరగబడుతుంది!"

"ఉప్పు గాలిలో పుట్టానయ్యా నేను. పద అమ్మాయ్."

సభాగది గడప దాటగానే ఆయన అడుగు తడబడింది. నిలబడి, మా నేల వంక చూశారు. వంటశాలలో పొయ్యి పక్కన నేల మీద రసమట్టం పెట్టారు. బుడగ ఒక చివరికి పరుగెత్తి అక్కడే నక్కింది. ఇటు తిప్పి పెట్టారు, అటు తిప్పి పెట్టారు. పొయ్యి కింద చెక్కముక్కలు వంగి చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదా నీ గోలీ?"

"అవునండీ."

"మధ్యాహ్నం నుంచీ నాకు నాటకం చూపించారా? అన్నం పెట్టి మరీ?"

బాబాయ్ చేతులు జోడించాడు. "చిన్నపిల్ల అయ్యా, తెలియక..."

"చిన్నపిల్ల కట్టిందా ఆ గది నేల?" ఆయన నావైపు తిరిగారు. "నేను ఊరుకోను. ఉన్నదున్నట్టు రాస్తాను. నీ రాత ఒక్క అక్షరం నమ్మొద్దని రాస్తాను."

"రాయండి" అన్నాను. "కానీ ఈ వంటశాల ఒక్కటే చూసి రాస్తే నిక్కచ్చి అనిపించుకోదండీ. ఆగ్నేయం మూల కూడా చూడండి. ఎంత వాలిందో కొలిచి రాయండి. ఏ కాలు కుంగిందో రాయండి. పోలయ్య మామ ఇల్లు ఎందుకు ఖాళీ చేశాడో అడిగి రాయండి. నేను ఎంత పెద్ద అబద్ధం ఆడానో చదివినవాళ్ళకి తెలియాలంటే అవన్నీ ఉండాలి."

పొయ్యి మీద ఎసరు మరుగుతోంది.

"నన్ను ఇందుకే రప్పించావా?"

"నేను పిలవలేదండీ. మీరే వస్తానన్నారు. పిలవకూడదని నాకు తెలుసు."

"నేను రాస్తే నువ్వు ఇక ఏ జాబులోనూ రాయలేవు. అబద్ధం రాసినవాళ్ళకి పన్నెండేళ్ళ శిక్ష. అదీ తెలుసా?"

తెలుసన్నాను. తెలుసుననుకున్నాను.

"నీకు పూచీ పడ్డవాళ్ళ సంగతి?"

పొయ్యిలో పుల్ల ఎగదోశాను. ఆయన రసమట్టం తీసుకుని లేచారు. "నువ్వు బాగా రాస్తావమ్మాయ్. నా కోపం కూడా దానికే" అని, ఆగ్నేయం మూలకి దారి ఎటో అమ్మని అడిగారు.

పొద్దు వాలేదాకా కొలిచారు. పడవెక్కేటప్పుడు ఎవరికీ చెప్పి వెళ్ళలేదు.

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

నిక్కచ్చి వచ్చింది. మొదటి పుటంతా మేమే. "గోలీ దొర్లింది" అని శీర్షిక. మూలమూలా ఎంత వాలిందో, కింద పలకల్లో నీటి గుర్తు ఎక్కడుందో, నిండు నెలల మనిషితో ఒక కుటుంబం ఎందుకు ఇల్లు విడిచిందో, అన్నీ ఉన్నాయి. చివర ఇలా రాశారు: "నాంచారి అనే ఈ అమ్మాయి రాతలో ఒక్క వాక్యమూ నమ్మదగింది కాదు. తొమ్మిదో మంచె నిలకడగా లేదు. తుఫానుకి నిలవదు. నేను చూశాను. ఈ మాటకు నేను పూచీ."

సర్వేశ్వరం గారికి పూచీ ఎవరూ లెక్కపెట్టరు. లెక్కకి మించి ఉంది. జాబు దిగిన గంటలోనే, లైను పోకముందే, రేవు నుంచి మాకు రెండు ముక్కలు వచ్చాయి. "నాలుగో మంచె రాత చూశాం. మరమ్మతు పడవ బయలుదేరుతోంది."

బాబాయ్ అది పైకి చదివాడు. కేకలు, ఈలలు, ఎవరో గిన్నె వాయించారు. పోలయ్య మామ కూతురు కూర్చున్న చోటే రెండు చేతులూ పైకెత్తింది. ఆ గోలలో నా పేరు మీద ఇంకో ఆరు జాబులు దిగాయి. వాటిని నేనొక్కదాన్నే చదువుకున్నాను. ఐదు ఒకేలా ఉన్నాయి, పూచీ ఉపసంహరించుకున్నాం అని. ఆరోది దానమ్మ గారిది.

"ఉప్పుగాలి ఏడాది ఆగిపోయింది. మా అమ్మ మొదలుపెట్టిన జాబు, మొదటిసారి ఆగింది. నీ మంచె సంగతి చదివాను. నీ చోట ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. అయినా నాకు రాయకు."

జవాబు రాయడం మొదలుపెట్టి ఆపేశాను. రాయకు అన్నారు. రాసినా తెరుచుకోదు.

రాత్రి భోజనాల దగ్గర ఒక ముసలమ్మ, "పడవ వస్తోంది సరే, మన మంచె పరువు మాత్రం గంగలో కలిపింది" అంది. అమ్మ చారు పోస్తూ, "పరువు ఈదుకుంటూ వస్తుందిలే పిన్నీ, నీకు ఈత రాదుగా" అంది.

ఆశ్వయుజ బహుళ దశమి

పడవ వచ్చి వారమైంది. కొత్త ఇనప కాలు దింపారు. పాతదాన్ని రోజుకి బెత్తెడు చొప్పున ఎత్తుతున్నారు. పడవలో వచ్చిన ఇంజనీరు మొదటిరోజే, "ఆ గోలీ పిల్ల ఎవరండీ?" అని అడిగాడు. అందరూ నావైపు చూపించారు. నేను గిన్నెలు తోముతున్నాను. "ఓ" అని వెళ్ళిపోయాడు.

పోలయ్య మామ తలుపు తిరిగి బిగించుకున్నాడు. మనవడు పుట్టాడు. నేను రోజూ లైను గంటలో తెర ముందు కూర్చుంటాను. జాబులు దిగుతాయి, చదువుతాను. ఎక్కించడానికి నాకు ఏమీ లేదు. నాకిప్పుడు పదిహేడేళ్ళు. శిక్ష తీరేసరికి ఎంతవుతుందో అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి, మధ్యలో ఆపేసి, నా తల దువ్వడం మొదలుపెట్టింది. మాటలు మాత్రం ఆగట్లేదు. పొద్దున 'బెత్తెడు' అనగానే అరచెయ్యి చాపి చూసుకున్నాను. దాన్ని ఎవరికి చెప్పను?

ఈ రోజు బాబాయ్ వచ్చాడు. సర్వేశ్వరం గారు మంచె పెద్ద మాటగా రెండు ముక్కలు తన జాబులో వేస్తానన్నారట. బాబాయ్‌కి మొదటి పూచీ అదే అవుతుంది.

"నాకు రాయడం చేతకాదే. నేను చెప్తాను, నువ్వు రాయి" అన్నాడు. "కాలు ఎత్తుతున్నారు. బాగుంది. అందరికీ దండాలు. అంతే."

రాశాను. చదివి వినిపించాను. "కడలి ఒడిలో కుంగిన మా కాలికి ఇనుము ఊతకర్ర అయింది. మా గుండెల్లో దిగులు బురద కూడా..."

"ఆగాగు. నేను అదా చెప్పింది?"

"అదే బాబాయ్, కొంచెం..."

"ఆ కొంచెమే వద్దు. ఆ పెద్దాయన గంగాధరం ఇట్లా మాట్లాడడని ఒక్క చూపులో పట్టేస్తాడు. తియ్యి."

ఊతకర్ర తీశాను. ఒడి తీశాను. గుండెలు, దిగులు, బురద తీశాను. ప్రతిదానికీ నాకు చెయ్యి రాలేదు. ప్రతిదానికీ ఆయన "ఊఁ, అది కూడా" అన్నాడు. చివరికి కాగితం మీద ఇది మిగిలింది:

"ఆగ్నేయం కాలు కుంగింది. ఎత్తుతున్నారు. ఇంకా పూర్తి కాలేదు. వచ్చినవాళ్ళకి దండాలు."

"ఇప్పుడు నా మాటలా ఉంది" అని బాబాయ్ కాగితం తీసుకోబోయాడు. ఒక్క నిమిషం ఆగమన్నాను. మళ్ళీ మళ్ళీ చదివాను. ఇంకేదైనా తీయగలనేమో అని వెతికాను. లేదు.

కాగితం ఇచ్చేశాను. ఆయన లైను గదికి వెళ్ళాడు. నేను ఎసట్లో బియ్యం వేశాను.